క్షవరం వాళ్లకి... వివరం మనకి!

క్షవరమైతే గానీ వివరం తెలియదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఈ వారం గులాబీ రంగు పురుగునీ, కాంప్లెక్స్ ఎరువుల రేట్లనీ పక్కన పెట్టి క్షవరం గురించి రాస్తున్నాను. వ్యవసాయం పేజీలో ఇదేం విడ్డూరమని తిప్పెయ్యకండి. ఈ క్షవరంలో మీ తలకాయ కూడా ఉంది.

బ్యాంకుల వాళ్లకీ, పెద్ద కంపెనీల వాళ్లకీ, ఢిల్లీలో కూర్చున్న ఏలినవారికీ కొన్నేళ్లుగా ఒక మాట బాగా అలవాటైంది. 'హెయిర్ కట్' అంటారు. ఒక కంపెనీ బ్యాంకులకు నూరు రూపాయలు బాకీ పడిందనుకోండి. కట్టలేనని చేతులెత్తేసింది. అప్పుడు ఇంకో కంపెనీ వచ్చి, 'ఆ నూరుకి నేను పదిహేడు ఇస్తా, ఫ్యాక్టరీ నాకు అప్పజెప్పండి' అంటుంది. బ్యాంకులన్నీ కూడబలుక్కుని సరేనంటాయి. మరి మిగతా ఎనభై మూడు రూపాయలు ఏమైనట్టు? పోయినట్టు. అయితే పోయిందని అనకూడదు, అది మర్యాద కాదు. హెయిర్ కట్ అనాలి. నాలుగు వెంట్రుకలు కత్తిరించారు, నెల తిరిగేసరికి మళ్లీ పెరుగుతాయి అన్నట్టు ఎంత ముద్దుగా ఉందో చూడండి!

అదే రైతు బాకీలో నూటికి పది రూపాయలు తగ్గించమని అడిగితే దాని పేరు రుణమాఫీ. ఆ మాట చెవిన పడగానే పెద్దల నొసలు ముడిపడతాయి. 2017 మార్చిలో స్టేట్ బ్యాంకు అధ్యక్షురాలిగా ఉన్న అరుంధతీ భట్టాచార్య గారు రుణమాఫీల వల్ల అప్పు తీర్చే క్రమశిక్షణ చెడిపోతుందన్నారు. మరుసటి నెలలో రిజర్వు బ్యాంకు గవర్నరు ఉర్జిత్ పటేల్ గారు కూడా నిజాయితీగా అప్పు కట్టే అలవాటు దెబ్బతింటుందని, ఇందులో నైతిక ప్రమాదం ఉందని హెచ్చరించారు. వాళ్లన్న దాంట్లో నిజం లేదని నేననను. ముందు వెనకాల చూడకుండా మాఫీ చేస్తే, గడువుకి కట్టిన రైతు వెర్రివాడవుతాడు. అది మనందరం కళ్లారా చూసిందే. నా అనుమానమల్లా ఒక్కటే. ఈ నైతిక ప్రమాదమనేది పొలం గట్ల మీదే తిరుగుతుందా? ఏసీ గదుల్లోకి దూరదా?

మాటల తమాషా అక్కడితో ఆగదు. కంపెనీకి పన్ను తగ్గిస్తే సంస్కరణ. రైతుకి ఎరువు మీద తగ్గిస్తే సబ్సిడీ భారం. వాళ్లకి ఇస్తే ప్రోత్సాహకం, మనకి ఇస్తే తాయిలం. 2019 సెప్టెంబరు 20న కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి దించారు. కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలకైతే 15 శాతమే. దానివల్ల ఖజానాకి ఏడాదికి 1 లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని ఆర్థిక మంత్రి గారే లెక్క చెప్పారు. ఆర్డినెన్సుతో ఒక్క పూటలో అయిపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పి.ఎం. కిసాన్ ఏడాదికి 6 వేలు, అదీ మూడు విడతలు. రోజుకెంతో లెక్కేశాను... 16 రూపాయల 44 పైసలు. ఈ డబ్బు తీసుకోవడానికి ఆధార్ కావాలి, ఈకేవైసీ కావాలి, భూమి రికార్డు సరిపోవాలి, వేలిముద్ర పడాలి. జీవితమంతా మట్టి పిసికినవాడి వేలికి ముద్రెక్కడ మిగులుతుందండీ!

పత్తి మనది, బట్ట వాళ్లది

ఇప్పుడు ఒక నిజమైన క్షవరం కథ వినండి. ఆలోక్ ఇండస్ట్రీస్ అని ఒక పెద్ద బట్టల కంపెనీ. నూలు, గుడ్డ, దుప్పట్లు చేసేది. అంటే మనం పండించే పత్తితో బతికే పరిశ్రమే. బ్యాంకులకు అది పడ్డ బాకీ 29,523 కోట్లని లెక్క తేలింది. కొనడానికి వచ్చినవాళ్లు, అంటే రిలయన్స్, జె.ఎం. ఫైనాన్షియల్ సంస్థలు కలిసి, ఇచ్చింది 5,052 కోట్లు. నూటికి పదిహేడు రూపాయలు. ఇందాక నేను చెప్పిన లెక్క గాలిలోంచి తీసింది కాదు, ఇదే. మిగిలిన 24,471 కోట్లు హెయిర్ కట్. 2019 మార్చిలో ట్రిబ్యునల్ దీనికి ముద్ర వేసింది.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం రైతుకి 2 లక్షల దాకా రుణమాఫీ చేసింది. నవంబరు ఆఖరుకి ప్రభుత్వం చెప్పిన లెక్క, 25 లక్షల పైచిలుకు రైతులకు 20,600 కోట్ల చిల్లర. దాని మీద ఎంత గొడవ జరిగిందో, పేపర్లలో ఎన్ని వ్యాసాలొచ్చాయో గుర్తుందిగా? రాష్ట్రం దివాళా తీస్తుందన్నవాళ్లున్నారు. రైతులు సోమరులైపోతారన్నవాళ్లున్నారు. ఒక రాష్ట్రంలో పాతిక లక్షల కుటుంబాలకి చేసినదానికంటే ఒక్క బట్టల కంపెనీ దగ్గర పోయింది ఎక్కువ. అప్పుడు దుప్పట్ల కంపెనీలు సోమరులైపోతాయని ఎవరైనా వ్యాసం రాశారా? నేనైతే చూడలేదు.

ఇందులో ఇంకో చిన్న ముచ్చట ఉంది. ఇలాంటి బేరం ఒప్పుకోవాలంటే మొదట్లో అప్పిచ్చినవాళ్లలో 75 శాతం ఓట్లు పడాలి. ఆలోక్ బేరానికి తొలిసారి 70 శాతం దగ్గరే ఆగాయి. బేరం చెడినట్టే. ఇంతలో 2018 జూన్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి ఆ 75ని 66కి దించింది. మళ్లీ ఓటింగు పెట్టారు, 72 వచ్చాయి, గట్టెక్కింది. ఆ ఒక్క కంపెనీ కోసమే మార్చారని నేననను. విత్తనం వేసిన మర్నాడే పదును వాన పడింది, అదృష్టం అంతే. మనకి మాత్రం పంట బీమాకి ఒక్కరోజు గడువు దాటితే 'సైటు క్లోజైందండీ' అంటారు.

గుండుకి కూడా ఒక తీర్పుంది

వీడియోకాన్ కంపెనీ మీకు తెలుసు. ఒకప్పుడు మన ఊళ్లలో కలర్ టీవీ అంటే అదే. ఆ గ్రూపులోని పదమూడు కంపెనీలు కలిపి పడ్డ బాకీలో లెక్క తేల్చి ఒప్పుకున్నది 64,838 కోట్లు. వేదాంత గ్రూపుకి చెందిన కంపెనీ ఇస్తానన్నది 2,962 కోట్లు. నూటికి అయిదు రూపాయలు కూడా కాదు. 2021 జూన్‌లో ముంబై ట్రిబ్యునల్ ఈ బేరం ఒప్పుకుంటూనే, కొనేవాళ్లు దాదాపు ఏమీ ఇవ్వడం లేదని రాసింది. అప్పిచ్చిన బ్యాంకులకి కాక సరుకు అరువిచ్చిన చిన్నవాళ్లకి, అంటే మన ఎరువుల షాపువాళ్లలాంటి వాళ్లకి, పోతున్నది నూటికి 99 రూపాయల 28 పైసలట. ఇది హెయిర్ కట్టా, గుండా, నున్నగా గీసెయ్యడమా అన్న అర్థం వచ్చేలా బ్రాకెట్లో ఒక మాట కూడా చేర్చారు. తిరుపతి కల్యాణకట్టలో కూడా గుండు గీశాక దేవుడి దర్శనమన్నా దొరుకుతుంది! తర్వాత ఆ బేరాన్ని పై ట్రిబ్యునల్ 2022 జనవరిలో కొట్టేసిందనుకోండి. కానీ బ్యాంకులు ఒకసారి తల వంచి కూర్చున్న మాట నిజం.

మీరెవరైనా ఇదే పని మన ఊళ్లో చేసి చూడండి. కోట్లు తీసేసి రూపాయలు పెట్టండి. ఎరువుల షాపులో మీ ఖాతా 64,838 రూపాయలుంది. జేబులో 2,962 పెట్టుకుని వెళ్లారు.

'బాబాయ్, ఇదిగో 2,962. బాకీ చెల్లు.'

'మిగతాది ఎప్పుడిస్తావురా?'

'మిగతాది హెయిర్ కట్ బాబాయ్.'

'ఏం కట్టు?'

'హెయిర్ కట్టు. అంటే మీరు కాస్త క్షవరం చేయించుకోవాలి.'

'నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందంట్రా అబ్బాయ్! బాకీ ఎగ్గొట్టేది నువ్వు, క్షవరం నాకా?'

చూశారా, బడి గడప దాటని బాబాయ్‌కి ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. బాకీ పడ్డవాడిది కాదు తల, అప్పిచ్చినవాడిది. మరి బ్యాంకు తల ఎవరిది? మనం దాచుకున్న డబ్బు అందులో ఉంది. పోనీ, సర్కారు బ్యాంకులు చితికిపోతే సర్కారే ఆదుకుంటుంది కదా అంటారా? ఆదుకుంది. 2017 అక్టోబరులో ప్రభుత్వ బ్యాంకులకు 2 లక్షల 11 వేల కోట్ల మూలధనం అందే ఏర్పాటు చేస్తామని కేంద్రం ప్రకటించింది. అందులో పెద్ద భాగం కేంద్రం బాండ్ల మీద ఇచ్చేదే. ఆ బాండ్ల మీద వడ్డీ కట్టేదెవరు? ట్రాక్టరులో డీజిలు పోయించే ప్రతివాడూ కడతాడు, పురుగు మందు డబ్బా మీద 18 శాతం జీఎస్టీ ఇచ్చే ప్రతివాడూ కడతాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

2025 మార్చిలో ఆర్థిక మంత్రి గారు పార్లమెంటుకి చెప్పిన లెక్క ఇంకోటుంది. 2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు పద్దుల్లోంచి తీసేసిన మొండి బాకీలు 16 లక్షల 35 వేల కోట్లు. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. పద్దులోంచి తీసెయ్యడం మాఫీ కాదు, బాకీదారు కట్టాల్సిందే, వసూళ్లు సాగుతూనే ఉంటాయి అని ప్రభుత్వం అంటుంది. చట్ట ప్రకారం అది నిజమే. కాకపోతే మన బాకీ మాత్రం అలా పుస్తకం లోంచి తీసి అటక మీద పెట్టరు. బ్యాంకు గోడ మీద నోటీసు పెడతారు.

పేరు చివరి తోక

ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ని కాబట్టి కొన్ని సంగతులు నాకు ఆలస్యంగా అర్థమవుతాయి. కంపెనీ పేర్ల చివర 'లిమిటెడ్' అని ఎందుకుంటుందో చాలాకాలం తెలియలేదు. ఏదో గొప్ప కోసం పెట్టుకుంటారనుకున్నాను. దాని అర్థం ఏమిటంటే, కంపెనీ మునిగితే యజమాని పోగొట్టుకునేది అందులో పెట్టిన వాటా డబ్బు వరకే. ఇల్లు, కారు, భార్య నగలు, వాటి జోలికి రాకూడదు, ఆయన సొంత పూచీ రాసిస్తే తప్ప. బాధ్యతకి ఒక హద్దు ఉందన్నమాట. అందుకే లిమిటెడ్.

ఇప్పుడు పాసు పుస్తకంలో మీ పేరు చూసుకోండి. చివర ఆ తోక ఉందా? లేదు. మిర్చికి నల్లతామర పట్టి పంట మొత్తం పోయినా, వరి పనల మీద తుపాను పడి గింజ మొలకెత్తినా, మీ బాధ్యతకి హద్దు లేదు. పొలం, ఇల్లు, గేదె, ఆడవాళ్ల మెడలో గొలుసు అన్నీ అందులోకే. ఆ పైన పరువు.

పంట పోయినట్టే వ్యాపారం కూడా పోతుంది. దివాళా తీసిన ప్రతివాడూ దొంగ కాడు. చితికిన ఫ్యాక్టరీని తుప్పు పట్టించే కంటే, వచ్చినకాడికి అమ్మి నడిపిస్తే పనివాళ్లకి కూలి దొరుకుతుంది. ఆ 2016 దివాళా చట్టంలో పాత యజమాని చేతి నుంచి కంపెనీ జారిపోతుంది కూడా. అదివరకు అదీ లేదు. కాబట్టి చట్టం ఉన్నందుకు నాకు కోపం లేదు. చితికిపోయిన కంపెనీకి గౌరవంగా బయటపడే దారి ఒకటుండి, చితికిపోయిన రైతుకి పురుగు మందు డబ్బా తప్ప దారి కనపడకపోవడం మీదే నా కోపమంతా.

అసలు తమాషా ఏమిటో తెలుసా? అదే చట్టంలో చిన్నవాళ్ల కోసం కూడా ఒక అధ్యాయం రాశారు. దాని పేరు 'ఫ్రెష్ స్టార్ట్', అంటే కొత్తగా మొదలుపెట్టడం. దానికి అర్హతలు వినండి. ఏడాది ఆదాయం 60 వేలు దాటకూడదు. ఆస్తి 20 వేలు దాటకూడదు. అప్పు 35 వేలు మించకూడదు. సొంత ఇల్లు ఉండకూడదు. ఇంత బీదవాణ్ని నమ్మి 35 వేలు అప్పిచ్చిన మహానుభావుడెవరో గానీ ఆయనకి దండ వెయ్యాలి! సరే, ఏదో ఒకటి, అదైనా అమలు చేశారా అంటే, చట్టం చేసి వదిలేశారు. కంపెనీల భాగం 2016 డిసెంబరుకల్లా నడక మొదలుపెట్టింది. కంపెనీలకి పూచీ ఉన్న పెద్దమనుషుల భాగం 2019 డిసెంబరులో అమల్లోకొచ్చింది. చిన్నవాళ్ల అధ్యాయం మాత్రం ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ పుస్తకంలోనే పడుకుంది. పెద్దకాలవకి నీళ్లొదిలి, చివరి పిల్లకాలవ తూము ఎత్తడం మర్చిపోయినట్టు!

లకుముకి పిట్ట తాకట్టు

అప్పు తీసుకునేటప్పుడు కూడా తేడా చూడండి. మీరు పంట రుణానికి వెళితే పాసు పుస్తకం, 1బి, అడంగల్, ఆధార్, ఇంకో బ్యాంకులో బాకీ లేదన్న కాగితం పట్టుకెళ్లాలి. కౌలు రైతైతే ఇవన్నీ ఉన్నా చాలవు, భూమి యజమాని గారి దయ కావాలి. కళ్లముందు పచ్చగా ఊగుతున్న పైరు ఉన్నా దాన్ని చూసి రూపాయి ఇచ్చే మేనేజరు అరుదు.

కింగ్‌ఫిషర్ విమానాల కంపెనీ మాత్రం తాకట్టు పెట్టినవాటిలో ఒకటి పిట్ట బొమ్మ. అవునండీ, మన చెరువు గట్టు మీద కూర్చునే లకుముకి పిట్ట. విమానం తోక మీద ఉండే ఆ బొమ్మ, ఆ పేరు కలిపి 4 వేల కోట్లకి పైగా విలువ చేస్తుందని అప్పట్లో లెక్క కట్టారు. బ్యాంకులు తలూపాయి. 2011లో ఆ కంపెనీ అప్పులో కొంత భాగాన్ని వాటాలుగా మార్చుకున్నప్పుడు, బజారులో ఉన్న ధర కంటే 60 శాతానికి పైగా ఎక్కువ రేటు కట్టి తీసుకున్నాయి. మద్దతు ధర అంటే అదీ! స్వామినాథన్ కమిషన్ మనకి ఖర్చు మీద 50 శాతం కలపమంటే ఇన్నేళ్లుగా లెక్కలు తేలలేదు. అక్కడ 60 శాతం చడీచప్పుడు లేకుండా పడిపోయింది.

2012 అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి. జీతాలు అందని ఉద్యోగులు రోడ్డెక్కారు. యజమాని విజయ్ మాల్యా గారు రాజ్యసభ సభ్యుడిగా ఉంటూనే 2016 మార్చి 2న లండన్ వెళ్లిపోయారు. అప్పటికి వడ్డీతో కలిపి బాకీ 9 వేల కోట్లు. ఆ ఏప్రిల్‌లో బ్యాంకులు పిట్ట బొమ్మని వేలం వేశాయి. 366 కోట్ల 70 లక్షల నుంచి పాట మొదలు. ఎంతమంది వచ్చారు? ఒక్కరూ రాలేదు. యార్డులో తడిసిన మిర్చికైనా ఎవడో ఒకడు వచ్చి సగం రేటు చెబుతాడు. పిట్టకి ఆ పాటి గిరాకీ కూడా లేదు.

ఆయన ఆస్తులు స్వాధీనం చేసుకుని 14,131 కోట్లు ప్రభుత్వ బ్యాంకులకి చేర్చామని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి గారు పార్లమెంటులో చెప్పారు. ఇదీ రాయకపోతే తప్పవుతుంది. అయితే ఆ సొమ్ము కోసం ఎన్ని కోర్టులు, ఎన్నేళ్లు, ఎంతమంది ప్లీడర్లో ఊహించుకోండి. మన దగ్గర 80 వేల బాకీకి అంత శ్రమ ఉండదు. తాకట్టు బంగారం గడువు తీరితే పేపర్లో ప్రకటన, మర్నాటికి వేలం.

పిట్టల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కి 2008లో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు 'బంగారు నెమలి' అవార్డు ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు గారు ఉత్తరం రాశారు. పద్దుల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని! నెమలిని వెనక్కి తీసుకున్నారు. మన మండలంలో ఉత్తమ రైతు అవార్డుకైనా పొలం చూసి ఇస్తారు.

ఎప్పుడూ పచ్చగా ఉండే విద్య

బ్యాంకుల భాషలో ఇంకో అందమైన మాట ఉంది. 'ఎవర్ గ్రీనింగ్'. పాత బాకీ కట్టడానికి కొత్త అప్పిచ్చి, ఖాతా ఎండిపోకుండా పచ్చగా చూపించడం. పైరు పచ్చగా ఉంచడానికి మనం ఎంత నీళ్లు తోడాలి, ఎంత యూరియా చల్లాలి! వాళ్లకి కలం ఒక్కటి చాలు. దీన్ని రిజర్వు బ్యాంకు కూడా తప్పనే చెబుతుంది. మనకీ ఇలాంటిదే ఉందనుకోండి. గడువు రోజున వడ్డీవ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, నాలుగు రోజులకు మళ్లీ అదే అప్పు తీసుకుని అతనికి ఇచ్చెయ్యడం. పుస్తకంలో రైతు పచ్చగానే కనపడతాడు. ఆ నాలుగు రోజులకి నెల వడ్డీ గుంజేది వడ్డీవ్యాపారి.

ఇక 'విల్‌ఫుల్ డిఫాల్టర్' అనే బిరుదు. కట్టగలిగే స్తోమత ఉండీ ఎగ్గొట్టినవాడని అర్థం. ఆ బిరుదు మనకి రాదు, భయపడకండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 25 లక్షలు, ఆపైన బాకీ పడితేనే ఆ వరసలో కూర్చోబెడతారు. అయిదెకరాల లోపు ఆసామికి అంత యోగమెక్కడిది! 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ బిరుదు పొందినవాళ్లతోనూ, మోసం కేసుల్లో ఉన్నవాళ్లతోనూ బ్యాంకులు రాజీ కుదుర్చుకోవచ్చట. కేసులు కేసులే, రాజీ రాజీయే. రాజీ అయ్యాక కనీసం 12 నెలలు ఆగి మళ్లీ కొత్త అప్పుకి వెళ్లవచ్చు. బ్యాంకు ఉద్యోగుల సంఘాలే దీని మీద గొడవ చేశాయి. ఏడాది ఆగితే చాలు! మన దగ్గర నాన్న తీసుకున్న సొసైటీ బాకీకి కొడుకుని పదేళ్ల తర్వాత కూడా వాకిట్లో నిలబెడతారు.

మరి మనకి కావాల్సింది ఇంకో రుణమాఫీయేనా? ఎన్నికలప్పుడు అడిగితే అందరం చెయ్యెత్తుతాం. కానీ 2014లో మన రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కుటుంబానికి లక్షన్నర అన్నారు, 50 వేలు దాటినవాళ్లకి విడతలన్నారు. మాఫీ వస్తుందన్న ఆశతో చాలామంది రెన్యూవల్ చేయించుకోలేదు. వడ్డీ పెరిగింది, పంట బీమా పోయింది, కొత్త అప్పు పుట్టలేదు. నాలుగు, అయిదు విడతలు 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. కౌలు రైతు పేరు చాలా చోట్ల జాబితాలోనే లేదు. మాఫీ అనేది ఇచ్చేవాడి చేతిలో దయ. కంపెనీకి ఉన్నది దయ కాదు, చట్టం. మెట్ట మీద పత్తి పోయిన రైతు కూడా ఒక ట్రిబ్యునల్ ముందుకో, పోనీ మండల కేంద్రంలో ఒక అధికారి ముందుకో వెళ్లి, 'అయ్యా, ఇదీ నా పొలం, ఇదీ నా అప్పు, ఇంతకు మించి కట్టలేను' అని లెక్క పెట్టుకునే ఏర్పాటు కావాలి. పుస్తకంలో పడుకున్న ఆ అధ్యాయాన్ని లేపి, 35 వేలన్నచోట ఈనాటి పెట్టుబడికి తగ్గ అంకె వేస్తే సగం పని అవుతుంది. ఓటడగడానికి వచ్చినవాళ్లని మాఫీ ఎంత అని కాకుండా దీని సంగతేమిటని అడగండి. తెల్లమొహం వేస్తారు, అది చూడ్డానికైనా అడగండి.

ఈలోగా చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను, మళ్లీ అవసరపడుతుంది. 2025 జనవరి 1 నుంచి రైతుకి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు, పూచీ అడగకూడదు. అంతకు ముందు ఇది లక్షా 60 వేలు. ఇది రిజర్వు బ్యాంకు మాట, మేనేజరు గారి ఇష్టాయిష్టాలతో పని లేదు. అయితే 2025 జూలైలో ఒక వివరణ వచ్చింది. ఆ హద్దు లోపల కూడా రైతు తనంతట తాను, స్వచ్ఛందంగా, బంగారమో వెండో తాకట్టు పెడితే బ్యాంకు తీసుకోవచ్చట. ఆ 'స్వచ్ఛందంగా' అన్న మాటని కాస్త కనిపెట్టి ఉండండి. కౌంటరు దగ్గర 'గోల్డు ఉంటే ఇవాళే అయిపోతుందండీ, లేకపోతే ఫీల్డాఫీసరు గారు వచ్చి చూడాలి' అంటారు. మీరు ఇంటికెళ్లి గొలుసు తెస్తారు. కాగితం మీద మాత్రం మీరే ఇష్టపడి తెచ్చినట్టు ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ కాగితంలో ఏముందో తెలుగులో చదివి వినిపించమనండి. తాకట్టు లేకుండా కుదరదంటే, కుదరదన్న ముక్క రాసి, స్టాంపు వేసి ఇమ్మనండి.